సీఆర్ఎంలో పదకొండు వేల పేర్లు: ఏరియాల వారీగా విడదీసే దారి చెప్పండి

ఆటోనగర్_వాటర్ | సోమవారం, ఉదయం 9.40

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది వాటర్ ప్యూరిఫయర్ల అమ్మకం, సర్వీసు. పద్నాలుగేళ్ల బిల్లు పుస్తకాలు, రెండు పాత ఎక్సెల్ షీట్లు, మా కుర్రాళ్ల ఫోన్లలోని నంబర్లు అన్నీ కూడదీసి పోయిన వేసవిలో సీఆర్ఎంలోకి, అంటే కస్టమర్ల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్‌లోకి, ఎక్కించాం. పదకొండు వేల పైచిలుకు పేర్లయ్యాయి. చేతికి వచ్చింది వచ్చినట్టే ఎక్కించాం. ఆ తొందర ఎంత పని చేసిందో ఇప్పుడు తెలుస్తోంది.

పోయిన గురువారం తాడేపల్లి వైపు సర్వీసు పెట్టుకున్నాం. "రేపు మా టెక్నీషియన్ మీ ఊళ్లోనే ఉంటారు, క్యాండిల్, మెంబ్రేన్ చూసి వెళ్తారు" అని ముందు రోజు మెసేజ్ రాసి, ఊరు గడిలో తాడేపల్లి ఉన్న వారందరికీ పంపాం. గురువారం సాయంత్రం ఆరున్నరకు ఒక పెద్దాయన ఫోను చేశారు. "పొద్దుటి నుంచి మీ మనిషి కోసం ఇల్లు కదలకుండా కూర్చున్నాను బాబూ. మా ఆవిడను ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సి ఉంటే అదీ రేపటికి మార్చుకున్నాం" అన్నారు. కంప్యూటర్ తెరిచి చూస్తే ఆయనది తాడేపల్లిగూడెం. ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. గూడెంలో ఏడుగురికి ఆ మెసేజ్ వెళ్లింది. ఆయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు ఊరు కాలమ్ మొత్తం తీసి చదివాను. విజయవాడ, బెజవాడ, విజయవాడ-10, రైల్వే వాళ్ల పద్ధతిలో బీజడ్‌ఏ, పటమట, బెంజి సర్కిల్, ఒకచోట "వారధి దిగగానే ఎడమవైపు". ఒకే ఊరు ఇన్ని రకాలుగా ఉంటే ఎలా విడదీయాలి? పిన్‌కోడ్ పట్టుకోవాలా, జిల్లా పట్టుకోవాలా, మా షాపు నుంచి ఇన్ని కిలోమీటర్లు అని గీత గీయాలా? చేసి చూసినవారు చెప్పండి.

డేటా_కృష్ణలంక | సోమవారం, ఉదయం 10.25

ఆ పెద్దాయన విషయంలో తప్పు జరిగింది లిస్టులోంచి పేర్లు ఏరే షరతు (ఫిల్టర్) దగ్గర. "ఈ మాట ఉన్నవన్నీ" అని పెట్టి ఉంటారు. అలా పెడితే తాడేపల్లి అనే అక్షరాలు ఎక్కడ ఉన్నా లాగుతుంది, గూడెం పేరులో అవి ఇమిడే ఉన్నాయి. గన్నవరం అని వెతికితే కోనసీమలోని పి.గన్నవరం వచ్చేదీ ఇలాగే. "సరిగ్గా ఇదే" అని షరతు మార్చవచ్చు. కానీ అప్పుడు "తాడేపల్లి సెంటర్" అని రాసినవాళ్లు జారిపోతారు. షరతు ఒక్కటీ మారిస్తే చాలదండీ, గడిలో ఉన్న సరుకు బాగుపడాలి.

ఆ గడిలో ఎవరికి తోచింది వారు టైపు చేసే వీలు తీసేసి, ముందే ఇచ్చిన పేర్లలో ఒకటి ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టండి. కానీ పాత కాలమ్‌ను చెరపవద్దు. "పాత చిరునామా" అని పేరు మార్చి పక్కన ఉంచండి. "వారధి దిగగానే ఎడమవైపు" అన్న మాట కంప్యూటర్‌కు పనికిరాకపోయినా మీ కుర్రాడికి పిన్‌కోడ్ కంటే ఎక్కువ దారి చూపిస్తుంది. ఏ మార్పుకైనా ముందు మొత్తం లిస్టు ఒకసారి డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.

విడదీయడానికి మొదటి ఆధారం పిన్‌కోడే. 1972 ఆగస్టు 15 నుంచి ఉన్న పద్ధతి. ఆరంకెల్లో మొదటిది తపాలా జోన్, మన రెండు రాష్ట్రాలకూ కర్ణాటకకూ కలిపి 5. మొదటి మూడూ కలిపితే ఉత్తరాలు విడదీసే జిల్లా, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసు. విజయవాడ నగరం 520, పాత కృష్ణా జిల్లాలో మిగతా భాగం చాలావరకు 521, పాత గుంటూరు జిల్లా 522. మీ తాడేపల్లి 522501, గూడెం 534101. పిన్ మీద ఫిల్టర్ పెట్టి ఉంటే ఆ మెసేజ్ గూడెం వెళ్లేదే కాదు.

లైను_సూపర్‌వైజర్ | సోమవారం, మధ్యాహ్నం 1.10

పైన చెప్పినవారి మాట తప్పని అనను. కానీ పిన్‌కోడ్ పోస్ట్‌మన్ కోసం పుట్టింది, మీ టెక్నీషియన్ కోసం కాదు. సబ్బులు, పేస్టులు వేసే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా లైన్లు చూస్తున్నాను. నా అనుభవం రాస్తాను, పనికొస్తే వాడుకోండి.

520010 తీసుకోండి. లబ్బీపేట, మొగల్రాజపురం, పటమట అన్నీ అదే. ఒకే పిన్ కదా అని ఒకే రోజు ఒకే మనిషికి అప్పగిస్తే మధ్యాహ్నానికి అతను బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడి ఉంటాడు. అదే బందరు రోడ్డు పట్టుకుని వెళ్తే పటమట, ఆటోనగర్ గేటు, కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు ఒకే దారి. పిన్‌లు మారతాయి, మధ్యలో జిల్లా కూడా మారుతుంది, కానీ బండి ఎక్కడా వెనక్కి తిరగదు. దాన్నే మేము లైను అంటాం. సోమవారం బందరు రోడ్డు లైను, మంగళవారం ఏలూరు రోడ్డు లైను, అలా.

విజయవాడలో లైను గీయాలంటే ముందు నీళ్లు చూడాలి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరిని మూడు నాలుగు ముక్కలు చేస్తాయి. వాటికి తోడు రైలు పట్టాలు. కాలువ అవతలి వీధి కంటికి ఎదురుగా కనిపిస్తుంది, చేరాలంటే వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. అందుకే మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజు చెప్పే మాట, ఒక లైనులో కాలువ రెండుసార్లు దాటితే ఆ లైను తప్పు గీసినట్టే.

సీఆర్ఎంలో "లైను" అని ఒక కొత్త కాలమ్ పెట్టండి. అది పోస్టాఫీసు చెప్పేది కాదు, ప్రభుత్వం చెప్పేది కాదు. మీరూ మీ కుర్రాళ్లూ కూర్చుని తేల్చుకునేది.

వన్‌టౌన్_చీరలు | సోమవారం, సాయంత్రం 4.30

మాది హోల్‌సేల్. మా కాంటాక్టులు ఇళ్లు కావు, షాపులు. అందుకని మొదటి నుంచీ జిల్లాల వారీగా పెట్టుకున్నాం. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి కదా, ఆ రోజుతో మా లిస్టు చెదిరింది. నరసరావుపేట షాపులు పల్నాడుకు, చీరాల షాపులు బాపట్లకు, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు, నూజివీడు ఏలూరుకు వెళ్లాయి. మా సీఆర్ఎం డ్రాప్‌డౌన్‌లో మాత్రం పాత పేర్లే ఉన్నాయి. గుమాస్తాలు కొందరు పాత జిల్లా, కొందరు కొత్త జిల్లా ఎంచుకుంటూ పోయారు. పండుగ ముందు "కృష్ణా జిల్లా షాపులు" అని లిస్టు తీస్తే సగం బందరు, సగం నందిగామ.

నూజివీడు పిన్ 521201, బందరు పిన్ 521001. జిల్లాలు వేరైనా పిన్‌లు మారలేదు. కాబట్టి పిన్ చూసి జిల్లా ఊహించకండి, జిల్లా చూసి పిన్ ఊహించకండి. మేము చివరికి నియోజకవర్గ కేంద్రం లాంటి పెద్ద ఊరి పేరు ఒకటి పెట్టుకుని, జిల్లా ఆ ఊరి నుంచి దానంతటదే వచ్చేలా విడిగా ఒక పట్టిక తయారు చేశాం. రేపు మళ్లీ జిల్లాలు మారినా పట్టికలో ఒక్క వరుస దిద్దితే చాలు.

పన్నుల_లెక్క_గవర్నర్‌పేట | సోమవారం, సాయంత్రం 5.05

వ్యాపార కస్టమర్లున్న వారికి ఒక చిన్న మాట. జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాంకెల్లో మొదటి రెండు రాష్ట్రాన్ని చెబుతాయి. ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. రాష్ట్రం గడి ఖాళీగా ఉన్న షాపులను ఆ రెండంకెలతో నిమిషంలో విడదీయవచ్చు. అయితే అది రిజిస్ట్రేషన్ ఉన్న రాష్ట్రం మాత్రమే. సరుకు దిగే గోడౌను మరో ఊళ్లో ఉండవచ్చు, అది విడిగా అడిగి రాసుకోవాలి.

మిర్చి_గుమాస్తా | సోమవారం, రాత్రి 8.50

గుంటూరు నుంచి. కమీషన్ వ్యాపారం, కోల్డ్ స్టోరేజీ రెండూ చూస్తాను. మా కాంటాక్టులు రైతులు. పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి, ఖమ్మం వైపు నుంచి కూడా మిర్చి టిక్కీలు (బస్తాలు) వస్తాయి. రైతును పిన్‌కోడ్ అడిగితే చెప్పలేరు, అడగడమే మర్యాదగా ఉండదు. ఊరు, మండలం అడిగితే ఠక్కున చెబుతారు. మాకు మండలమే ప్రాణం.

ఊరి పేరు ఒక్కటే రాసుకుంటే ఎంత గందరగోళమో చెబుతాను. "పేట" అని రాసిన రైతులు మా లిస్టులో చాలామంది ఉండేవారు. సత్తెనపల్లి వైపు రాసుకున్న గుమాస్తాకు పేట అంటే నరసరావుపేట. మరొకరికి చిలకలూరిపేట. నందిగామ నుంచి వచ్చిన కుర్రాడికి జగ్గయ్యపేట. కొత్తపేట గుంటూరులోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. అమరావతి అంటే పల్నాడు జిల్లాలోని గుడి ఊరా, గుంటూరు జిల్లాలోని రాజధాని ప్రాంతమా అని ఇప్పుడు తప్పక అడగాల్సి వస్తోంది.

కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, మండలానికీ, గ్రామానికీ ఒక కోడు ఉంటుంది. మేము డ్రాప్‌డౌన్ కోసం పేర్లు అక్కడి నుంచి తీసుకున్నాం. పేరు ఎవరు ఎలా పలికినా కోడు ఒక్కటే.

ఇంకో మాట. స్థలం ఒక్కదానితోనే లిస్టు తీయవద్దు. మిర్చి యార్డుకు సెలవంటే ఆ కబురు అందరికీ వెళ్లాలి. తేజ రకానికి గిరాకీ పెరిగిందంటే ఆ మండలంలో తేజ వేసిన రైతులకే వెళ్లాలి. పక్క పొలంలో 341 రకం మిర్చి వేసిన ఆయనకు ఆ మెసేజ్ పంపితే ఆశపడి బండి కట్టించుకుని వస్తాడు. మీ వ్యాపారంలోనూ మోడలు, కొన్న సంవత్సరం ఇలాంటివి స్థలంతో కలిపి చూడాలి.

ఆటోనగర్_వాటర్ | మంగళవారం, ఉదయం 8.15

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

రాత్రి కూర్చుని లెక్క చూశాను. పిన్‌కోడ్ ఉన్నవి ఏడు వేల లోపే. మిగతా నాలుగు వేలకు పేరు, ఫోను నంబరు తప్ప ఏమీ లేవు. ఫోను నంబరు బట్టి ఊరు తెలిసే మార్గం ఏమైనా ఉందా?

డేటా_కృష్ణలంక | మంగళవారం, ఉదయం 9.00

మొబైల్ నంబరుతో కుదరదండీ. ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ అంటే ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపే. పైగా 2015 జులై 3 నుంచి దేశంలో ఏ సర్కిల్ నంబరునైనా మరో సర్కిల్‌కు మార్చుకోవచ్చు. బెంగళూరులో తీసుకున్న నంబరుతో గుణదలలో ఉన్నవారు ఎంతమందో. ల్యాండ్‌లైన్ ఉంటే మాత్రం తెలుస్తుంది, విజయవాడ 0866, గుంటూరు 0863. కానీ ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చకుండా ఉంటే ముందున్న సున్నా ఎగిరిపోయి 866, 863 మిగులుతాయి. మీ పాత షీట్లలో చూడండి.

ఆ నాలుగు వేల మందినీ అడగడమే దారి. ఒకేసారి అందరినీ కాదు. సర్వీసుకు ఫోను చేసినప్పుడు, బిల్లు వేసేటప్పుడు ఇంటి పిన్, గుర్తు చెప్పమని అడగండి. ఆరు నెలల్లో చాలావరకు నిండుతుంది.

బ్రాడీపేట_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 11.20

గుంటూరు బ్రాడీపేటలో రక్తపరీక్షల కేంద్రం మాది. ఉదయం పరగడుపున ఇళ్లకు వెళ్లి నమూనాలు తీసుకుంటాం. కాబట్టి చిరునామా తప్పితే ఒక ముసలాయన ఆకలితో కూర్చుని ఉంటాడు. మీ గూడెం పెద్దాయన మాట చదివి నాకు మా తొలి రోజులు గుర్తొచ్చాయి.

ఎక్సెల్ సంగతి వచ్చింది కనుక చెబుతాను. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో చిరునామా అంటే లైను (ఇక్కడ వీధిని అలాగే అంటాం), అడ్డరోడ్డు. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని చెప్పడానికి 4/7 అని రాస్తాం. వీధి కాలమ్‌లో 4/7 అని టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని 04-జులై చేసేసింది. మేము గమనించలేదు. అలాగే సీఆర్ఎంలోకి ఎక్కించాం. ఒక ఉదయం మా అమ్మాయి బండి మీద నిలబడి "సార్, చిరునామా జులై నాలుగు అని ఉంది, ఏ వీధికి వెళ్లాలి?" అని ఫోను చేసింది. నాలుగు వందల పైచిలుకు చిరునామాలు తేదీలైపోయాయి. ఒక్కొక్కటీ బిల్లు చూసి దిద్దుకున్నాం. ఎక్కించే ముందు ఆ కాలమ్‌ను టెక్స్ట్ చేయడం మరచిపోవద్దు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. కాంటాక్టు ఎవరు? మా దగ్గర పరీక్ష రాయించేది, డబ్బు కట్టేది చాలాసార్లు అమెరికాలో ఉన్న కొడుకో కూతురో. వాట్సాప్ నంబరు వారిది, చిరునామా కూడా వారే పంపుతారు. రక్తం ఇచ్చేది మాత్రం అరండల్‌పేటలో ఒంటరిగా ఉన్న అమ్మగారు. ఒకే చిరునామా గడి ఉంటే ఆ మనిషి ఏ లైనులోకి వస్తుంది? మేము రెండు పెట్టాం. ఒకటి డబ్బు కట్టేవారి ఊరు, ఇంకొకటి మనిషి వెళ్లాల్సిన ఇల్లు. రూటు లిస్టు రెండోదానితోనే తీస్తాం. పండుగ శుభాకాంక్షలు, బిల్లు గుర్తుచేయడం మొదటిదానికి.

ఆటోనగర్_వాటర్ | మంగళవారం, మధ్యాహ్నం 12.05

ల్యాబ్ వారూ, మీరు రాసింది చదివి వెంటనే లిస్టు చూశాను. గూడెం పెద్దాయన యంత్రం కొన్నది హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల అబ్బాయి. బిల్లులో ఊరు హైదరాబాద్ అని ఒక పేరు, గూడెం అని ఇంకో పేరు, రెండు కాంటాక్టులుగా ఉన్నాయి. గుడివాడ, తెనాలి, బాపట్ల వైపు ఇలాంటివి వందల్లో ఉంటాయని నా అంచనా. ఇది నాకు ఇంతవరకు తట్టనే లేదు.

ఇంకొక సంగతి చెప్పాలనిపించింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు మాకు సీఆర్ఎం లేదు. నీళ్లు దిగాక ఎవరి ఇళ్లలో యంత్రాలు మునిగాయో వారి దగ్గరికి ముందు వెళ్దామని కూర్చున్నాం. ఆ ఇళ్లలో అందరికంటే ముందు తాగే నీరు కావాలి. పాత షీటులో వెతికితే సింగ్‌నగర్, సింగునగర్, అజిత్‌సింగ్‌నగర్, ఏఎస్ నగర్, ఉత్త "నగర్" కూడా. అసలు రాయనివాళ్లు ఎందరో. చివరికి పాయకాపురంలో ఉండే మా టెక్నీషియన్, తన ఇల్లూ మునిగినవాడు, వచ్చి నేల మీద కూర్చుని ఒక నోట్‌బుక్ పెట్టుకుని వీధి తర్వాత వీధి గుర్తుచేసుకుంటూ రాశాడు. రాజరాజేశ్వరి పేట, సింగ్‌నగర్, పాయకాపురం. ఏ ఇంట్లో యంత్రం గోడకు ఎంత ఎత్తులో బిగించాడో కూడా అతనికి గుర్తుంది. నడుము ఎత్తుకు బిగించినవన్నీ పోయి ఉంటాయని ఒక గుర్తు, అంతకంటే పైన ఉన్నవాటికి ఇంకో గుర్తు పెట్టాడు. మూడు వందల పన్నెండు ఇళ్లు. వెళ్లి చూస్తే అతను చెప్పినదానికి తేడా చాలా తక్కువ.

ఆ నోట్‌బుక్‌నే తర్వాత "వరద" అన్న పేరుతో లిస్టుగా ఎక్కించాం. ఈ ఏడాది వర్షాలకు ముందు ఆ లిస్టుకు మెసేజ్ పంపితే ఒకావిడ, "మేము సింగ్‌నగర్ వదిలి గుంటూరు వచ్చేసి ఏడాదైంది" అని జవాబిచ్చారు. ఆమె కాంటాక్టులో కొత్త చిరునామా ఉంది, లిస్టులో మాత్రం అలాగే ఉండిపోయారు. ఎందుకలా?

డేటా_కృష్ణలంక | మంగళవారం, మధ్యాహ్నం 2.40

లిస్టులు రెండు రకాలండీ. మీరు పేర్లు చేర్చి పెట్టుకున్నది స్థిరమైన లిస్టు, ఫొటో లాంటిది. తీసిన రోజు ఎవరున్నారో ఎప్పటికీ వారే ఉంటారు. రెండోది షరతు మీద నడిచే లిస్టు. "లైను = సింగ్‌నగర్" అని షరతు ఇస్తే తెరిచిన ప్రతిసారీ కొత్తగా ఏరుతుంది. చిరునామా మారి లైను మారిందంటే ఆవిడ దానంతటదే బయటికి వస్తుంది, అక్కడికి కొత్తగా వచ్చినవారు లోపలికి వస్తారు.

"వరద" లిస్టును మాత్రం చెరపవద్దు. అది ఆ రోజు ఎవరి ఇల్లు మునిగిందన్న చరిత్ర, ఆవిడకు అది ఇప్పటికీ నిజమే. సర్వీసు పిలుపులకు వాడకుండా విడిగా ఉంచండి. గోడ మీద ఎత్తు అన్నది కూడా ఒక కాలమ్‌గా రాసుకోండి. ఆ అబ్బాయి తలలో ఉన్నది కాగితం మీదికి రావడం ఎంత విలువైనదో మీరే చూశారు.

కిలోమీటర్ల గీత గురించి కూడా అడిగారు. అది వేయాలంటే ప్రతి చిరునామాకు అక్షాంశం, రేఖాంశం కావాలి. మ్యాప్ సేవల ద్వారా చిరునామా నుంచి తీయవచ్చు, కానీ మన చిరునామాలకు చాలాసార్లు ఊరి మధ్యలో ఒక చుక్క ఇచ్చి ఊరుకుంటుంది. పైగా గీత గాలిలో వెళ్తుంది, బండి రోడ్డు మీద వెళ్తుంది. ఒక కస్టమర్‌కు ఇలాగే ఇబ్రహీంపట్నం చుట్టూ ఎనిమిది కిలోమీటర్లు గీస్తే కృష్ణ అవతలి రాయపూడి, తుళ్లూరు వైపు పేర్లు కూడా వచ్చాయి. అప్పట్లో వారి వ్యాను విజయవాడ దాకా వచ్చి, వారధి దాటి, మళ్లీ పడమటికి వెళ్లాల్సి వచ్చేది. ఆ పేర్లన్నీ తీసేసి, ఏటికి ఇవతల ఒక లిస్టు, అవతల ఒక లిస్టు చేశాం.

వన్‌టౌన్_చీరలు | మంగళవారం, సాయంత్రం 6.15

డిజిపిన్ అని వచ్చింది కదా, అది పెట్టుకుంటే ఈ బాధలన్నీ పోవా?

డేటా_కృష్ణలంక | మంగళవారం, సాయంత్రం 6.50

2025 మేలో తపాలా శాఖ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి తయారు చేశాయి. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడదీసి ఒక్కో గడికి పది అక్షరాంకెల కోడు ఇచ్చారు. టెక్నీషియన్ ఇంటి గుమ్మంలో నిలబడి ఫోనులో తీసి సీఆర్ఎంలో పెడితే మళ్లీ వెళ్లేవారికి వెతుకులాట ఉండదు. అపార్ట్‌మెంటుకు మాత్రం ఫ్లాటు నంబరు తప్పదు, రెండో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ ఒకే కోడు వస్తుంది. అదేమీ పిన్‌కోడ్‌కు బదులు కాదు, పక్కన ఉండేది.

ఒక్క జాగ్రత్త. ఇంటి గుమ్మం కచ్చితంగా చెప్పే కోడు వ్యక్తిగత సమాచారమే. 2023 వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం ఉంది. "మా మనిషి త్వరగా చేరడానికి మీ ఇంటి లొకేషన్ రాసుకోమంటారా?" అని అడిగి, ఒప్పుకుంటేనే రాయండి. సర్వీసు కోసమని తీసుకున్నది ప్రకటనలకు వాడవద్దు.

లైను_సూపర్‌వైజర్ | మంగళవారం, రాత్రి 9.30

కోడు మంచిదే. కానీ ఆ కోడు "కుక్క ఉంది, గేటు దగ్గర పిలవండి" అని చెప్పదు. "రామాలయం పక్క సందు, బండి లోపలికి రాదు" అని చెప్పదు. "గుర్తు" అన్న గడిని తప్పనిసరి చేయండి, నా కోరిక అదొక్కటే. మన ఊళ్లలో ఇల్లు దొరికేది నంబరుతో కాదు, గుర్తుతో.

ఆటోనగర్_వాటర్ | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5.20

మళ్లీ వచ్చి చెప్పకపోతే మర్యాద కాదు.

మొదటి ఆదివారం షాపు మూసి, నలుగురు టెక్నీషియన్లనూ కూర్చోబెట్టాను. బోర్డు మీద ముందు కృష్ణ గీశాం, తర్వాత మూడు కాలువలు, పట్టాలు, చివరికి రోడ్లు. లైన్లు పదమూడు తేలాయి. కానూరును పిన్ చూసి ఆటోనగర్‌తో కలపాలని నేను, బందరు రోడ్డులో పోరంకి వైపు కలపాలని కుర్రాళ్లు. వారి మాటే నిలబెట్టాం. సీఆర్ఎంలో ఇప్పుడు పిన్, మండలం, లైను, గుర్తు, వెళ్లాల్సిన ఇల్లు, డబ్బు కట్టేవారి ఊరు విడివిడిగా ఉన్నాయి. ఊరు గడి డ్రాప్‌డౌన్ అయింది. పాతది అలాగే దాచాం. పిన్ లేని నాలుగు వేలలో ఆరు వందల ఎనభై నిండాయి, అన్నీ ఫోను వచ్చినప్పుడు అడిగి రాసుకున్నవే. గోడ ఎత్తు కాలమ్ సింగ్‌నగర్ లైనుకు పాయకాపురం అబ్బాయే కూర్చుని నింపుతున్నాడు.

నిన్న తాడేపల్లి లైనుకు మెసేజ్ పంపాం. పంపే ముందు లిస్టు నేనే పైనుంచి కిందికి చదివాను. గూడెం పేరు ఒక్కటీ లేదు.

మిర్చి_గుమాస్తా | శనివారం, సాయంత్రం 6.05

సంతోషం. మరి ఆ ఏడుగురి సంగతి?

ఆటోనగర్_వాటర్ | శనివారం, సాయంత్రం 6.30

పద్నాలుగో లైను వేశామండీ. ఏలూరు, తాడేపల్లిగూడెం, నెలలో రెండో శనివారం. ఏలూరులో తొమ్మిది ఇళ్లు ఉండటంతో బండి ఖర్చు కలిసి వచ్చింది. ఈ రోజే మొదటిసారి వెళ్లారు. ఆ పెద్దాయన ఇంటికి ముందుగా వెళ్లమని చెప్పాను. మెంబ్రేన్ మార్చారు, గుర్తు గడిలో "పోస్టాఫీసు ఎదురు, ఆకుపచ్చ గేటు" అని మా అబ్బాయి అక్కడి నుంచే రాశాడు.